పదికి పది

2021 మే నెలలో తెలంగాణ పదో తరగతి ఫలితాలు వచ్చాయి. పరీక్ష జరగలేదు, ఫలితాలు మాత్రం వచ్చాయి :) మొత్తం 5,21,073 మంది పిల్లలు, అందరూ పాస్. వాళ్ళలో 2,10,647 మందికి పదికి పది జీపీఏ. అంటే ప్రతి ఐదుగురిలో ఇద్దరికి. మళ్ళీ పరీక్ష పెట్టిన 2022లో పదికి పది వచ్చినవాళ్ళు పదకొండు వేల పైచిలుకు, 2023లో ఆరు వేల పైచిలుకు. ఆ ఒక్క ఏడాది మాత్రం రెండు లక్షల పదివేలు.

"కరోనా కదండీ, ఇంకేం చేస్తారు?" అంటారు మీరు. నిజమే, నేనైనా అదే చేసేవాణ్ణేమో. కానీ ఆ రెండు లక్షల పదివేలు ఆకాశం నుంచి ఊడిపడలేదని నా అభిప్రాయం. మార్కులు పెరగడం అనే కథ మన దగ్గర చాలా ఏళ్ళుగా నడుస్తోంది, ఆ ఏడాది పరీక్ష అనే మూత తీసేసరికి లోపల ఉన్నదంతా పొంగింది, అంతే. ఈ కథని హైదరాబాద్ నుంచి కాకుండా ఆర్మూరు నుంచి చూస్తే ఇంకొంచెం బాగా కనిపిస్తుంది.

ఆర్మూరు అంటే పసుపు, ఎర్రజొన్న. (అంకాపూర్ నాటుకోడి గురించి ఇప్పుడు మొదలుపెడితే టపా పక్కదారి పడుతుంది.) పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆఖరికి డ్రమ్ముల్లో వేసి తిప్పి పాలిష్ చేస్తారు. పాలిష్ పట్టాక ఏ కొమ్మైనా మెరుస్తుంది. అందుకే గంజ్‌లో కొనేవాడు కుప్పలోంచి ఒక కొమ్ము తీసి పుటుక్కున విరిచి లోపలి రంగు చూస్తాడు. ధర నచ్చకపోతే మనవాళ్ళు మహారాష్ట్రలో సాంగ్లీ దాకా బండి కట్టుకుని పోతారు, అక్కడా వాడు విరిచే చూస్తాడు.

మార్కుల మెమో అనే కాగితం ఎందుకు పుట్టిందంటే, ప్రతి కాలేజీవాడూ, ప్రతి ఉద్యోగమిచ్చేవాడూ పిల్లవాణ్ణి విడిగా విరిచి చూడనక్కర్లేకుండా. "మేం ఒకసారి విరిచి చూశాం, లోపల రంగు ఇదీ" అని బోర్డు ఇచ్చే హామీ అది. ఆ హామీ మీద నమ్మకం ఉన్నంతకాలం ఊళ్ళో సర్కారు బడిలో చదివినవాడికి వేరే ఖర్చు లేదు. ఆ కాగితమే చాలు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీనిచుట్టూనే తిరుగుతుంది.

మన నాన్నల కాలంలో లెక్క వేరు. 35 వస్తే పాస్, 50 శాతానికి సెకండ్ క్లాస్, 60కి ఫస్ట్ క్లాస్. పేపర్లో పేర్లు వేసేవాళ్ళు కాదు, హాల్ టికెట్ నంబర్లు క్లాసుల వారీగా వేసేవాళ్ళు. ఫస్ట్ క్లాస్ నంబర్లు కాస్తంత చోటులో ఇమిడిపోయేవి, థర్డ్ క్లాస్‌వి కిందకి పారుతూ ఉండేవి. "ఫస్ట్ క్లాస్‌లో పాసైండు" అన్నది పెళ్ళిచూపుల్లో కూడా చెప్పుకునే మాట. ఆ 60 శాతం అనే గీత తర్వాత మన ఐటీ కంపెనీల్లో బతికింది. "టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 త్రూఅవుట్" అనే షరతు క్యాంపస్ ఇంటర్వ్యూలకి కూర్చున్న ఎవరికి తెలియదు? కాకపోతే అప్పటికే 60 అంటే పాస్ మార్కు లాంటిది అయిపోయింది. మన కంపెనీలు ఆ సంగతి తొందరగానే కనిపెట్టి పైన ఇంకో ఆప్టిట్యూడ్ టెస్ట్ పెట్టాయి. మళ్ళీ విరిచి చూడటం.

1969లో పీయూసీ పోయి రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చింది, 1971లో ఇంటర్ బోర్డు. మన కథకి అసలు రంగస్థలం ఇదే. ఎంపీసీకి మొదటి ఏడు 470, రెండో ఏడు 530, మొత్తం వెయ్యి. కోస్తా నుంచి మొదలై 1990లు, 2000ల్లో హైదరాబాద్ మీదుగా జిల్లాలన్నిటికీ పాకిన కార్పొరేట్ కాలేజీల హోర్డింగుల మీద 470కి 465, 466, 467 అంటూ ఫొటోలు చూసీ చూసీ మన కళ్ళు అలవాటుపడిపోయాయి. తప్పిన ఆ మూడు మార్కులు ఎక్కడ పోయాయా అని ఆ పిల్లవాడి తల్లిదండ్రులు బాధపడే స్థితి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ మార్కులన్నీ దొంగమార్కులు కావు. పొద్దున అయిదింటికి లేపి రాత్రి పదకొండింటిదాకా అవే ప్రశ్నలు వందసార్లు రాయిస్తే ఎవరికైనా వస్తాయి. ప్రశ్నపత్రం ఏ పాఠంలోంచి ఎన్ని మార్కులకి వస్తుందో ముందే తెలిసినప్పుడు చదువు కాస్తా ఇంజనీరింగ్ సమస్య అయిపోతుంది (మనకి బాగా తెలిసిన పనే, టెస్ట్ కేసులు ముందే ఇచ్చేస్తే కోడ్ వాటికే పాసయ్యేలా రాస్తాం). కష్టపడి వచ్చిన మార్కులు ఇవి. ప్రాక్టికల్స్‌లో 30కి 30 వేసేవి ఇంకో రకం. ఇక మూడో రకం ఒకటుంది, దాని గురించి మాట్లాడకపోతే నాకు నిద్రపట్టదు. సంస్కృతం.

ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్‌గా తెలుగు బదులు సంస్కృతం తీసుకోవచ్చు. మంచిదే, గొప్ప భాష, ఎవరు కాదన్నారు. కానీ మన పిల్లలు కాళిదాసు మీద ప్రేమతో తీసుకోలేదు. ఆ పేపర్లో జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయొచ్చు, కొన్ని ప్రశ్నలు తప్ప. సిలబస్ చిన్నది, మార్కులు 98, 99. అదే తెలుగు తీసుకుంటే ఛందస్సు, ప్రతిపదార్థం, వ్యాసం అన్నీ రాసి 80 దాటడానికి చెమటలు పట్టాలి. వెయ్యిలో రెండొందలు సెకండ్ లాంగ్వేజ్‌వే. ఇంట్లో పదిహేనేళ్ళు తెలుగే మాట్లాడి, పదోతరగతి దాకా తెలుగు చదివి, సరిగ్గా కాస్త సాహిత్యం తలకెక్కే వయసులో పిల్లవాడు దాన్ని వదిలేస్తాడు. ఎందుకు? 18 మార్కుల కోసం. తరవాత బెంగుళూరు నుంచో డాలస్ నుంచో "నాకు తెలుగు చదవడం కొంచెం స్లో అండీ" అంటాడు. ఆ 18 మార్కులు వాడికి ఎక్కడా అక్కరకు రాలేదు, ఎందుకంటే ఇంజనీరింగ్ సీటుకి సెకండ్ లాంగ్వేజ్ మార్కులు లెక్కలోకే రావు! హోర్డింగు మీద మాత్రం వస్తాయి. మార్కుల ద్రవ్యోల్బణానికి మనం కట్టిన అసలు మూల్యం ఇదేనేమో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

సరే, సీటు సంగతికొద్దాం. ఇంటర్ మార్కుల్ని నమ్మలేకే ఎంసెట్ వచ్చింది. 1980ల నుంచీ ఇంజనీరింగ్ సీట్లు దాంతోనే, నీట్ వచ్చేదాకా మెడికల్ సీట్లూ దాంతోనే. కొన్నాళ్ళకి ఇంకో గొడవ మొదలైంది, పిల్లలు ఇంటర్ పట్టించుకోవట్లేదు, ఎంట్రన్స్ కోచింగే చదువైపోయింది అని. దానికి మందుగా ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఇచ్చారు. లెక్క ఎలా ఉంటుందో చూడండి. గ్రూపు సబ్జెక్టులకి రెండేళ్ళకీ కలిపి 600 మార్కులు, వాటిని 25కి కుదిస్తారు. ఎంసెట్ 160ని 75కి కుదిస్తారు. అంటే ఇంటర్లో 24 మార్కులైతే గానీ ఒక పాయింటు కాదు. ఎంసెట్లో ఒక్క ప్రశ్నకే దాదాపు అర పాయింటు.

560 వచ్చిన పిల్లకీ 590 వచ్చిన పిల్లకీ మధ్య తేడా పాయింటుంబావు. అంటే ఎంసెట్‌లో రెండు మూడు ప్రశ్నలు. అందరూ పైకప్పుకి తల తగిలేంత ఎత్తుకి చేరాక 25 శాతం వెయిటేజీ అనేది కాగితం మీద 25, పనిలో అంతకన్నా ఎంతో తక్కువ. మరి దెబ్బ ఎవరికి తగులుతుంది? పైకప్పు దాకా ఎదగనివాడికి. లెక్చరర్ పోస్టు సగం ఏడాది ఖాళీగా ఉన్న ఒక సర్కారు జూనియర్ కాలేజీలో చదివి 450 తెచ్చుకున్నవాడు, 590 వాడికన్నా ఆరు పాయింట్లు, అంటే పన్నెండు ప్రశ్నలు వెనకనుంచి మొదలుపెట్టాలి. కార్పొరేట్ చదువుకి పోటీగా ఇంటర్ని నిలబెట్టడానికి పెట్టిన వెయిటేజీ, కార్పొరేట్‌కే ఇంకాస్త కలిసొచ్చింది. కరోనా ఏళ్ళలో దాన్ని పక్కన పెట్టి, 2023లో తెలంగాణలో శాశ్వతంగా ఎత్తేశారు. జాతీయ స్థాయిలోనూ ఇదే నాటకం వేరే రంగులతో నడిచింది. జేఈఈ మెయిన్‌లో 2013 నుంచి 2016 దాకా బోర్డు మార్కులకి 40 శాతం ఇచ్చారు, ఒక్కో బోర్డు ఒక్కో ధోరణిలో మార్కులేస్తుంది కాబట్టి పర్సెంటైల్‌లోకి మార్చే కసరత్తు చేశారు, 2017 నుంచి మానేశారు.

పక్కనున్న తమిళనాడు సరిగ్గా దీనికి ఎదురు దారి పట్టింది. 2006లో చట్టం తెచ్చి ఎంట్రన్సే రద్దు చేసి ప్లస్ టూ మార్కులతోనే సీట్లు ఇచ్చారు. అక్కడ ఏమైంది? 200కి 200 కటాఫ్‌లు. కొన్ని స్కూళ్ళు పదకొండో తరగతి పాఠాలు వదిలేసి రెండేళ్ళూ పన్నెండో తరగతే రుద్దాయి. దాంతో 2018లో పదకొండుకి కూడా పబ్లిక్ పరీక్ష పెట్టాల్సొచ్చింది. ఢిల్లీలో 2011లో శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్ కామర్స్ చదవని పిల్లలకి నూటికి నూరు కటాఫ్ పెట్టినప్పుడు దేశమంతా నవ్వింది. 2021కి అలాంటి కటాఫ్‌లు చాలానే వచ్చాయి, ఎవరూ నవ్వలేదు. 2022లో వాళ్ళూ సీయూఈటీ అనే ఎంట్రన్స్‌కి వెళ్ళిపోయారు.

ఇప్పుడు మా వైపు కథ. ఆర్మూరు నుంచి నిజామాబాద్ మీదుగా పోయి గోదావరి దాటితే బాసర. అక్షరాభ్యాసాల బాసరే. 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం అక్కడ, నూజివీడులో, ఇడుపులపాయలో మూడు ట్రిపుల్ ఐటీలు పెట్టింది. ఆర్జీయూకేటీ. ట్యూరింగ్ అవార్డు గ్రహీత రాజ్ రెడ్డి అప్పట్లో దానికి ఛాన్సలర్. పదో తరగతి కాగానే తీసుకుని ఆరేళ్ళు చదివించి ఇంజనీరుగా బయటికి పంపడం దాని పద్ధతి. నా దృష్టిలో దాని గొప్పదనం లాప్‌టాప్‌లు ఇవ్వడంలో లేదు. ఎంట్రన్స్ లేదు! పదో తరగతి మార్కులు చూసి తీసుకుంటారు, పల్లెటూరి పిల్లల కోసమని. గ్రేడ్లు వచ్చాక, రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల పిల్లలకి జీపీఏ మీద 0.4 కలిపారు. ప్రైవేటు బడిలో పదికి పది వచ్చినవాడికన్నా జిల్లా పరిషత్ బడిలో 9.7 వచ్చిన అమ్మాయి ముందుండేది. అమ్మ బీడీలు చుట్టే ఇంట్లో, నాన్న దుబాయ్‌లో ఉన్న ఇంట్లో, కోచింగ్ అనే మాటే లేని ఇంట్లో పుట్టిన పిల్లకి ఇంతకన్నా సూటి దారి మన రాష్ట్రంలో ఇంకోటి లేదు. బోర్డు హామీ మీద పూర్తిగా నమ్మకం పెట్టి కట్టిన సంస్థ అది.

సరిగ్గా ఆ హామీ అప్పట్నుంచే పల్చబడుతూ వచ్చింది. 2012లో పదో తరగతిలో మార్కులు తీసేసి గ్రేడ్లు పెట్టారు. ఒత్తిడి తగ్గించాలని. మంచి ఉద్దేశమే, కానీ 91 నుంచి 100 దాకా అందరికీ పది పాయింట్లే. మీటరు ముల్లు చివరికి తగిలి ఆగిపోయినట్టు, ఆపైన ఎంత వోల్టేజి ఉన్నా తెలియదు. తర్వాత 2015 పరీక్షల నుంచి సీసీఈ పద్ధతిలో 80 మార్కులు పబ్లిక్ పరీక్షకి, 20 బడిలోనే వేసే ఇంటర్నల్స్‌కి. పుస్తక సమీక్ష, ప్రాజెక్టు, నోటుబుక్కులు, స్లిప్ టెస్ట్. కాగితం మీద చదివితే ముచ్చటేస్తుంది, నిజంగా అలా చదివిస్తే ఎంత బావుండు అనిపిస్తుంది.

కానీ మీరు ఆ బడిలో టీచర్ అనుకోండి. పక్క వీధి బడిలో అందరికీ 20కి 20 వేస్తున్నారని మీకు తెలుసు. మీరు నిజాయితీగా 14 వేస్తే నష్టపోయేది ఎవరు? మీ క్లాసులో బాగా చదివే ఆ ఒక్క పిల్ల, బాసర సీటు పోగొట్టుకుని. ఇంకెవరు వేస్తారు 14? దీనికి ఎవర్నో ఒకర్ని దోషిగా నిలబెట్టడం నాకు చేతకాదు. అందరూ నిలబడి సినిమా చూస్తుంటే మనం కూర్చుంటే ఏం కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2019లో ఈ ఇంటర్నల్స్ ఎత్తేసింది. తెలంగాణ ఉంచింది.

ఒకే జీపీఏ వచ్చినవాళ్ళు ఎక్కువైతే సీటు ఎవరికి? నియమాల్లో దానికీ వరస ఉండేది. ముందు లెక్కల గ్రేడు, తరవాత సైన్సు, ఇంగ్లీషు, సోషల్, మొదటి భాష. అన్నీ సమానమైతే వయసులో పెద్దవాళ్ళకి. అదీ సమానమైతే హాల్ టికెట్ నంబరు నుంచి తీసిన ఒక రాండమ్ సంఖ్య. ఇది చదివినప్పుడు నాకు హాష్ కొలిజన్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. పదికి పది వచ్చినవాడికి సబ్జెక్టు గ్రేడులన్నీ పదే కదా, కాబట్టి ఆ అయిదు మెట్లూ ఒక్క గెంతులో అయిపోతాయి. నేరుగా పుట్టినరోజు దగ్గరికి వచ్చి పడతాం.

ఇక ఆ 2020, 2021. 2020 మార్చిలో పరీక్షలు మొదలై మధ్యలో ఆగిపోయాయి. జూన్‌లో ఇంటర్నల్స్ ఆధారంగా 5 లక్షల 34 వేల మందినీ పాస్ చేశారు. మరుసటి ఏడాది బడులు ఫిబ్రవరిలో తెరిచి మార్చి ఆఖరికి మూశారు, ఆ మధ్యలో జరిగిన ఒక్క ఎఫ్ఏ-1 మార్కుల్ని, అంటే 20కి వేసిన వాటిని, అయిదు పెట్టి గుణించి వందకి మార్చారు. 20కి 19 వేస్తే 95, పది పాయింట్లు. ఇప్పుడు చెప్పండి, ఆ రెండు లక్షల పదివేల సంఖ్య ఎక్కణ్ణుంచి వచ్చిందో. అంతకుముందు ఆరేళ్ళుగా బడులు ఇంటర్నల్స్ ఎలా వేస్తున్నాయో ఆ సంఖ్యే చెప్తోంది. అప్పటిదాకా పక్కన 80 మార్కుల పరీక్ష ఉండబట్టి కనపడలేదు.

2021లో బాసర ఏం చేసిందంటే, పదో తరగతి గ్రేడుల్ని పక్కన పెట్టి పాలిసెట్ ర్యాంకులతో సీట్లు ఇచ్చింది. ఎంట్రన్స్ లేకుండా ఉండటమే ప్రాణంగా పుట్టిన సంస్థ, పదమూడేళ్ళకి ఎంట్రన్స్ గుమ్మం తొక్కింది. ఆంధ్రలోని ట్రిపుల్ ఐటీలు 2020లోనే విడిగా సెట్ పెట్టుకున్నాయి. తప్పని నేను అనను, రెండు లక్షల మందిని పుట్టినరోజుల వరసలో పేర్చలేరు కదా. "మావోడికి పదికి పది అచ్చింది" అని ఆ వేసవిలో ఊరంతా చెప్పుకున్న ఇళ్ళలో, ఆ పదికి విలువ లేదని ఆగస్టులోగా తెలిసిపోయింది.

2020లో అలా అందరూ పాసైన బ్యాచ్ ఇంటర్‌కి వెళ్ళింది. మొదటి ఏడు పరీక్ష కూడా రాయకుండానే రెండో ఏడుకి పంపారు, తరవాత 2021 అక్టోబర్లో వెనక్కి పిలిచి ఆ మొదటి ఏడు పరీక్ష పెట్టారు. డిసెంబర్లో ఫలితాలు: 4,59,242 మంది రాస్తే 2,24,012 మంది పాస్. 49 శాతం. ఏడాదిన్నర కింద నూటికి నూరు, ఇప్పుడు 49. ఫోన్ లేని ఇంట్లో ఆన్‌లైన్ పాఠాలు ఎలా విన్నారో మనకి తెలుసు కాబట్టి ఆ తేడా మొత్తం ఉబ్బిన మార్కుల మీదకి నెట్టలేం. కానీ ఒక పిల్లవాడి వైపు నుంచి చూడండి. రాష్ట్రం వాడికి 2020లో "నువ్వు బ్రహ్మాండం" అని కాగితం ఇచ్చింది. వాడు నమ్మాడు, ఎంపీసీ తీసుకున్నాడు. అదే రాష్ట్రం 2021లో "నువ్వు ఫెయిల్" అని ఇంకో కాగితం ఇచ్చింది. కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. 2019 ఏప్రిల్లో ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి, ఇరవైమందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్న రాష్ట్రం ఇది. అందుకే కాబోలు, వారం గడిచేసరికి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి ఫెయిలైన వాళ్ళందరికీ కనీసం 35 మార్కులు వేసి పాస్ చేస్తున్నామని ప్రకటించారు. ఆ నిర్ణయాన్ని టీవీల్లో చాలామంది ఎద్దేవా చేశారు. నా మటుకు నాకు ఆ రోజున వేరే దారి కనిపించలేదు. కాకపోతే ఆ 35 కూడా విరిచి చూడని కొమ్మే.

పోనీ ఎంట్రన్స్‌లకి ఈ రోగం రాదా అంటే, 2024 నీట్‌లో మొదట 67 మందికి 720కి 720 వచ్చాయని ప్రకటించారు. సవరించాక 17 మంది మిగిలారు. తేడా ఏమిటంటే బోర్డు పరీక్షకి ఫీజు వందల్లో ఉంటుంది, ఎంట్రన్స్ కోచింగ్‌కి లక్షల్లో. ఎకరం పసుపు అమ్మితే వచ్చే డబ్బు ఏ ఏడు ఎంతో ఎవరికీ తెలియదు. 2019 ఎన్నికల్లో నిజామాబాద్ లోక్‌సభ సీటుకి 178 మంది రైతులు నామినేషన్ వేసి నిలబడింది ఆ ధర గురించే. 2025 జనవరిలో పసుపు బోర్డు వచ్చింది. అదే రైతు కొడుకు చదువు దగ్గరికొచ్చేసరికి బోర్డు ఎప్పట్నుంచో ఉంది, దాని మాటే చెల్లట్లేదు.

2025 పదో తరగతి మెమోల్లో తెలంగాణ మళ్ళీ మార్కులు వేసింది, జీపీఏ తీసేసింది. 91కీ 99కీ తేడా పదమూడేళ్ళ తర్వాత మళ్ళీ కంటికి కనిపించింది. ఇరవై ఇంటర్నల్స్ కూడా ఎత్తేస్తున్నాం అని 2024 నవంబర్ చివర్లో ఉత్తర్వు ఇచ్చారు. ఒకట్రెండు రోజులకే దాన్ని మార్చి, ఈ ఏడాదికి పాత పద్ధతే ఉంటుందన్నారు. అప్పటికే ఎఫ్ఏలు సగం అయిపోయి, రిజిస్టర్లలో ఇరవైలు పడిపోయి ఉన్నాయి మరి.